గోరంత బల్బు, కొండంత వేడినీళ్లు

గదిలోంచి బయటికొస్తూ లైటు ఆర్పడం మరిచిపోతే ఇంట్లో ఎవరో ఒకరు కేకేస్తారు. గీజర్ స్విచ్ పొద్దున్నించి రాత్రిదాకా ఆన్‌లోనే ఉన్నా ఎవరూ నోరు మెదపరు. లైటు కంటికి కనిపిస్తుంది, గీజర్ పని కనిపించదు. తేడా అంతే. పర్యావరణానికి భారం కాకుండా ఇల్లు నడుపుకోవాలనుకునేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. కనిపించేవాటి వెంటపడి కనిపించనివాటిని వదిలేస్తారు. పడే శ్రమకు లోటుండదు, ఫలితం మాత్రం అంతంతమాత్రం.

చిన్న లెక్క వేస్తే సంగతి తేలిపోతుంది. లీటరు నీటిని ఒక్క డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 4.2 కిలోజౌళ్ల శక్తి కావాలి. నిమిషానికి 8 లీటర్లు పోసే షవర్ కింద 8 నిమిషాలు నిలబడితే 64 లీటర్లు ఖర్చవుతాయి. అన్ని నీళ్లను 20 డిగ్రీలు వేడెక్కించాలంటే దాదాపు ఒకటిన్నర యూనిట్ల కరెంటు పడుతుంది. అదే కరెంటుతో 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు 165 గంటలు వెలుగుతుంది. రోజుకు 5 గంటల చొప్పున వాడితే నెల దాటుతుంది. ఒక మనిషి ఒక్కపూట స్నానమూ, ఒక గదికి నెలరోజుల వెలుతురూ సరిసమానమన్నమాట.

ఫోన్ చార్జర్ సంగతీ అంతే. ఫోన్ తీసేశాక చార్జర్‌ను ప్లగ్గులోనే వదిలేస్తే ఏదో ఘోరం జరిగిపోతున్నట్టు చెబుతుంటారు. ఇప్పుడొస్తున్న మంచి చార్జర్లు ఖాళీగా ఉన్నప్పుడు తీసుకునేది 0.1 వాట్ లోపే. ఏడాది పొడుగునా అలాగే వదిలేసినా ఒక్క యూనిట్ కూడా కాదు. పైన చెప్పిన స్నానం ఒక్కసారి రెండు నిమిషాలు ఆలస్యంగా ముగిస్తే చాలు, నాలుగైదు నెలల చార్జర్ పొదుపు కొట్టుకుపోతుంది. చార్జర్ తీయొద్దని కాదు. తీశాం కదా, మన వంతు అయిపోయిందనుకోవడంతోనే చిక్కు.

నిజానికి లైటార్పమనే సలహా ఒకప్పుడు నూటికి నూరుపాళ్లు సరైనదే. పాత ఫిలమెంట్ బల్బు 60 వాట్లు మింగి, అందులో 5 శాతమో అంతకు కాస్త అటూఇటూగానో వెలుతురుగా ఇచ్చి, మిగతాదంతా వేడిగా వదిలేది. పేరుకు దీపం, పనికి హీటర్. నీలి ఎల్‌ఈడీ కనిపెట్టిన ఇసాము అకసాకి, హిరోషి అమానో, షుజి నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. ఆ నీలి వెలుగే తెల్లటి ఎల్‌ఈడీకి ఆధారం. ఇంట్లో ఫిలమెంట్ బల్బు ఏదైనా మిగిలి ఉంటే మాడిపోయేదాకా ఆగకుండా ఇవాళే మార్చేయొచ్చు. ఆ ఒక్క మార్పుతో వెలుతురు సమస్య దాదాపు తీరిపోయింది. అలవాటు మాత్రం పాత బల్బుల కాలం దగ్గరే ఉండిపోయింది.

అసలు భారం వేడిదే

ఇంట్లో కరెంటు, గ్యాస్ ఎక్కడ ఖర్చవుతున్నాయో తెలుసుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు: ఇక్కడ ఏదైనా వేడెక్కుతోందా, చల్లబడుతోందా? వెలుతురు ఇచ్చే, మాట వినిపించే, బొమ్మ చూపించే వస్తువులకు పెద్దగా శక్తి అక్కర్లేదు. నీటిని, గాలిని, బట్టల తడిని వేడెక్కించే వస్తువులు, గదిని చల్లబరిచే వస్తువులు మాత్రం వాటికి పదింతలు, వందింతలు తాగేస్తాయి. ఈ గీటురాయి మీద గీసి చూస్తే ఇంట్లో పట్టించుకోవలసినవి నాలుగైదుకు మించవు.

స్నానం నీళ్లతోనే మొదలుపెడదాం. షవర్ 8 నిమిషాల నుంచి 5కు తగ్గితే నీళ్లూ కరెంటూ రెండూ మూడోవంతుకు పైగా మిగులుతాయి. నిమిషాలు లెక్కపెట్టుకుంటూ స్నానం చేయడం కొందరికి విసుగు. అలాంటివాళ్లు నీటి ధార తగ్గించే షవర్ తలను ఒకసారి బిగించుకుంటే చాలు, ఆ తర్వాత గుర్తుపెట్టుకోవలసింది ఏమీ ఉండదు. ట్యాంకు ఉన్న గీజర్‌ను రోజంతా ఆన్‌లో ఉంచితే, ఎవరూ వాడకపోయినా లోపలి వేడి గోడల్లోంచి కారిపోతూ ఉంటుంది, అది మళ్లీ మళ్లీ కాచుకుంటూ ఉంటుంది. పాతవాటిలో ఈ రకంగా రోజుకు ఒక యూనిట్ పోవడం వింతేమీ కాదు. ‘చల్లారనిచ్చి మళ్లీ కాచడానికే ఎక్కువ కరెంటు అవుతుంది’ అనే వాదన తరచూ వినిపిస్తుంది. అది తప్పు. నీళ్లు ఎంత వేడిగా, ఎంతసేపు ఉంటే అంత వేడి బయటికి పోతుంది. చల్లారినకొద్దీ పోయేది తగ్గుతుంది. అవసరానికి కాస్త ముందు వేసుకోవడమే లాభం. అలాగని పొదుపు కోసం థర్మోస్టాట్‌ను మరీ దించకూడదు. గోరువెచ్చగా నిలవున్న నీటిలో లెజియొనెల్లా అనే బ్యాక్టీరియా పెరగగలదు. అందుకే నిలవుండే నీటిని 60 డిగ్రీల దగ్గర ఉంచమంటారు.

వాషింగ్ మెషీన్‌లో కూడా మోటారు తినేది కొంచెమే. వేడి నీళ్ల ప్రోగ్రామ్ పెట్టినప్పుడు ఖర్చులో సింహభాగం నీరు కాగడానికే పోతుంది. ఒంటికి కాస్త చెమట పట్టిన చొక్కాకు, దుమ్ము అంటిన ప్యాంటుకు చల్లటి నీళ్లు సరిపోతాయి. ఈ కాలపు సబ్బు పొడుల్లో ఉండే ఎంజైములు చల్లటి నీళ్లలోనూ పనిచేసేలా తయారైనవే. జబ్బుపడినవాళ్ల దుప్పట్లు, పసిపిల్లల గుడ్డలు వేరే సంగతి.

ఇక బట్టలు ఆరబెట్టే డ్రైయర్. ఉతికిన బట్టల్లో 3 లీటర్ల నీరు మిగిలిందనుకుంటే, దాన్ని ఆవిరి చేయడానికే దాదాపు 2 యూనిట్లు కావాలి. యంత్రం ఎంత మంచిదైనా ఆవిరి లెక్క మారదు. హీట్ పంప్ రకంలో అయితే ఆ వేడిలో కొంత తిరిగి వాడుకుంటారు కాబట్టి ఖర్చు సగానికి దగ్గరగా వస్తుంది. తీగ మీద వేస్తే ఎండా గాలీ ఆ పని ఊరికే చేసిపెడతాయి. డ్రైయర్ తప్పనిసరైన చోట కూడా ఒక కిటుకు ఉంది: ముందు స్పిన్ వేగం పెంచడం. నీటిని తిప్పి విదిలించడానికి అయ్యే ఖర్చు, కాచి ఆవిరి చేయడానికి అయ్యే ఖర్చులో లేశమంత.

ఆవిరి మాట వచ్చింది కాబట్టి స్టవ్ మీద గిన్నె దగ్గర కాసేపు ఆగాలి. లీటరు నీటిని 25 డిగ్రీల నుంచి మరిగే దాకా తేవడానికి 315 కిలోజౌళ్లు చాలు. ఆ నీటినంతా ఆవిరి చేసేయాలంటే మరో 2,257 కిలోజౌళ్లు కావాలి. ఏడింతలు! గిన్నెలో నీళ్లు తెర్లడం మొదలయ్యాక మంట ఎంత పెంచినా నీటి వేడి 100 డిగ్రీలు దాటదు. లోపల ఉన్నది ఒక్క నిమిషం ముందు కూడా ఉడకదు. పెంచిన మంటంతా ఆవిరై వంటింటి కిటికీలోంచి బయటికి పోతుంది, దాంతోపాటు గది వేడెక్కుతుంది, ఆ వేడిని బయటికి తోయడానికి ఫ్యాన్ తిరుగుతుంది. తెర్లు రాగానే సెగ తగ్గించి మూత పెడితే చాలు. మూత పెట్టడం అనేది సలహాగా చెబితే చప్పగా ఉంటుంది, శాస్త్రవేత్తలు కనిపెట్టిన కొత్త విషయం కాదు కాబట్టి. కానీ పైసా ఖర్చు లేకుండా వంటింట్లో దీన్ని మించిన పొదుపు మరొకటి లేదు.

ప్రెషర్ కుక్కర్ ఇదే సూత్రాన్ని ఒక మెట్టు పైకి తీసుకెళ్తుంది. ఆవిరిని బయటికి పోనివ్వకుండా బిగిస్తే ఒత్తిడి పెరిగి, నీరు 120 డిగ్రీల దగ్గర మరుగుతుంది. అందుకే గంట పట్టేది ఇరవై నిమిషాల్లో ఉడికిపోతుంది. ఫ్రెంచ్ శాస్త్రవేత్త డెనీ పాపిన్ 1679లోనే దీని తొలి రూపం చేసి చూపించాడు. కుక్కర్ ఉండి కూడా గంటన్నర మూతలేని గిన్నెలో గింజలు ఉడకబెట్టడం తెలిసి చేసే దుబారా. ముందురోజు నానబెట్టడం మరిచిపోవడం వల్ల జరిగేది కూడా ఇదే.

చల్లదనం అనే వేడి

ఏసీ చల్లదనాన్ని తయారుచేయదు, లోపలి వేడిని బయటికి తోస్తుంది. కాబట్టి లోపలికి వచ్చే వేడిని ఆపడం ఏసీని మార్చడం కంటే చవక. ఎండ కిటికీ అద్దం దాటి లోపలికి వచ్చాక కర్టెన్ వేస్తే లాభం కొంచెమే, అప్పటికే వేడి గదిలోకి వచ్చేసింది. అదే ఎండను కిటికీ బయటే ఆపితే, అంటే చెట్టు నీడో, వెదురు తడకో, బయటి షట్టరో ఉంటే, వేడి గదిలోకి రానే రాదు. కప్పు మీద తెల్లటి సున్నమో, ఎండను తిప్పికొట్టే పెయింటో వేసినా ఇంతే.

రిమోట్ మీద అంకె దించితే గది తొందరగా చల్లబడుతుందనే భ్రమ చాలామందిలో ఉంది. 16 పెట్టినా 25 పెట్టినా మామూలు ఏసీ పనిచేసే జోరు ఒకటే, 16 పెడితే ఎప్పుడు ఆగాలో తెలియక తిరుగుతూనే ఉంటుంది. ఒక డిగ్రీ పైకి పెడితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని స్థూలంగా ఒక లెక్క చెబుతుంటారు. ఫ్యాన్ వేసుకుని ఏసీని రెండు మూడు డిగ్రీలు పైకి పెట్టుకుంటే ఒంటికి తేడా తెలియదు. ఎందుకంటే ఫ్యాన్ గదిని కాదు, మనిషిని చల్లబరుస్తుంది. గదిలో ఎవరూ లేనప్పుడు ఫ్యాన్ తిరగడం అందుకే శుద్ధ దండగ. మామూలు సీలింగ్ ఫ్యాన్ 75 వాట్ల దాకా తీసుకుంటే బ్రష్‌లు లేని డీసీ మోటారుతో నడిచే బీఎల్‌డీసీ రకం 30 వాట్ల దగ్గర అదే గాలి ఇస్తుంది. రోజంతా తిరిగే ఫ్యాన్‌ను మారిస్తే గిట్టుబాటవుతుంది, అతిథులొచ్చినప్పుడు మాత్రమే తిరిగేదాన్ని మారిస్తే కాదు.

ఏసీ విషయంలో ఎవరూ మాట్లాడని సంగతి ఒకటుంది. ‘గ్యాస్ అయిపోయింది, నింపాలి’ అనే మాట ఏటా వినిపిస్తుంటుంది. ఏసీలోని గ్యాస్ పెట్రోల్ లాగా ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాల్లో అది ఏళ్లతరబడి అక్కడక్కడే తిరుగుతుండాలి. తగ్గిందంటే ఎక్కడో కారుతోందనే అర్థం. పాత ఏసీల్లో వాడే ఆర్-410ఏ కిలో గాలిలో కలిస్తే, భూమిని వేడెక్కించడంలో అది రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఏడాదంతా బల్బులు ఆర్పిన పుణ్యం ఒక్క కారుడుతో పోతుంది. కొత్త ఏసీల్లో వాడే ఆర్-32లో ఈ హాని దాదాపు మూడోవంతు. ఇలాంటి వాయువులను క్రమంగా తగ్గించాలని 2016లో రువాండా రాజధాని కిగాలీలో దేశాలన్నీ ఒప్పుకున్నది కూడా ఈ కారణంతోనే. కాబట్టి మెకానిక్ వచ్చినప్పుడు అడగవలసింది ‘ఎంతవుతుంది’ అని మాత్రమే కాదు, ‘ఎక్కడ కారుతోంది’ అని. చోటు కనిపెట్టి అతికించకుండా పైపైన నింపితే అదీ గాల్లోకే పోతుంది.

ఫ్రిజ్ సంగతి కొంచెంలో తేల్చేయొచ్చు. లోపల 4 డిగ్రీలు, ఫ్రీజర్‌లో మైనస్ 18 ఉంటే చాలు, అంతకంటే చల్లగా ఉండటం వల్ల ఒరిగేదేమీ లేదు. తలుపు సందులో ఒక కాగితం పెట్టి మూసి లాగితే సులువుగా వచ్చేసిందా, రబ్బరు అంచు వదులైనట్టే. వెనక గోడకు ఆనించకుండా కాస్త గాలి ఆడనివ్వాలి. తలుపు తెరిచి ఏం తినాలా అని ఆలోచిస్తూ నిలబడే పిల్లల్ని తిట్టడం వల్ల మిగిలేది తక్కువే. అసలు నష్టం వేరే ఉంది: కొత్త ఫ్రిజ్ కొన్నాక పాతదాన్ని పారేయడానికి మనసొప్పక, పక్క గదిలో నాలుగు నీళ్ల సీసాల కోసం నడపడం.

పారేసిన అన్నం

ఇంటి లెక్కల్లో కరెంటు మీటరుకు అందని పెద్ద పద్దు తిండి. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. వినియోగదారుల దాకా చేరిన ఆహారంలో ఇది 19 శాతం. హోటళ్లనో, పెళ్లి విందులనో తిట్టుకోవడం తేలిక. కానీ ఇందులో 60 శాతం ఇళ్లలోనే పోతోంది. తలకు ఏడాదికి 79 కిలోలు. నలుగురున్న ఇంట్లో మూడు క్వింటాళ్లు పైనే. తొక్కలు, ఎముకలు లాంటి తినలేనివి కూడా ఈ లెక్కలో కలిసి ఉన్నాయి, అయినా చిన్న అంకె కాదు.

పారేసేది తిండి ఒక్కటే అయితే బాధ సగమే. అది పండటానికి పోసిన నీరు, వేసిన ఎరువు, తెచ్చిన లారీ డీజిల్, వండిన గ్యాస్, నిలవ ఉంచిన ఫ్రిజ్ కరెంటు అన్నీ దాంతోపాటే బుట్టలో పడతాయి. ఆ తర్వాత కథ చెత్తదిబ్బ మీద మొదలవుతుంది. గాలి ఆడని చోట కుళ్లితే మీథేన్ పుడుతుంది. వందేళ్ల లెక్కన చూస్తే అది కార్బన్ డయాక్సైడ్ కంటే 28 రెట్లు, ఇరవై ఏళ్ల లెక్కన 80 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది.

ఎందుకు పారేస్తున్నామో ఇంట్లో వారం రోజులు గమనిస్తే తెలిసిపోతుంది. రుచి బాగోలేక పారేసేది తక్కువ. మరిచిపోయి పారేసేదే ఎక్కువ. ఫ్రిజ్‌లో ముందు వరసలో కొత్తది పెడతాం, పాత డబ్బా వెనక్కి జరుగుతుంది. లోపలేముందో కనిపించని స్టీలు డబ్బా అయితే దాని గతి అంతే. పదో రోజున మూత తీస్తే తెల్లటి బూజు పలకరిస్తుంది. దీనికి మందు క్రమశిక్షణ కాదు, చోటు మార్చడం. ముందు తినవలసినవన్నీ కంటి ఎత్తున ఉన్న ఒకే అరలో, అవతలివైపు కనిపించే డబ్బాల్లో పెడితే వాటంతట అవే చేతికొస్తాయి. ఆకుకూర తడి బట్టలో చుట్టి ఉంచితే వాడదు. ఉల్లి, బంగాళాదుంప పక్కపక్కన పెడితే రెండూ తొందరగా పాడవుతాయి. ప్యాకెట్ మీద ‘ఈ తేదీలోపు వాడితే మేలు’ అని ఉన్నది నాణ్యత గురించి చెప్పే మాట, మర్నాటికి విషమైపోతుందని కాదు. మాంసం, పాలలాంటి వాటి మీద ఉండే గడువు తేదీ మాత్రం వేరు, దాంతో ఆటలు పనికిరావు. అన్నిటికంటే ముందు, ఆకలి మీద సరుకులకు వెళ్లకూడదు.

తొక్కలు, కాడలు ఎలాగూ తప్పవు. వాటికి కంపోస్ట్ ఉంది. చాలామంది ఉత్సాహంగా మొదలుపెట్టి, రెండో వారంలో వాసనకు తట్టుకోలేక మానేస్తారు. వాసన వచ్చిందంటే తడి ఎక్కువై గాలి ఆడటం లేదని గుర్తు. పచ్చి తొక్కల్లో నత్రజని ఎక్కువ, ఎండుటాకులు, అట్టముక్కలు, రంపపు పొట్టులో కార్బన్ ఎక్కువ. కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు ఒక పాలు నత్రజనికి ముప్ఫై పాళ్ల దాకా కార్బన్ కావాలి. అంకెలు గుర్తుండవు కాబట్టి చేత్తో చూసుకోవడమే మంచిది: ఒక గుప్పెడు తీసి పిండితే పిండేసిన గుడ్డలా చెమ్మగా ఉండాలి, నీళ్లు కారకూడదు. కారితే ఎండుటాకులు కలిపి ఓసారి తిరగేస్తే రెండ్రోజుల్లో వాసన పోతుంది. సరిగ్గా కుదిరిన పెద్ద కుప్ప మధ్యలో చెయ్యి పెడితే కాలుతుంది, లోపల 55, 60 డిగ్రీలుంటుంది. చిన్న బుట్టలో అంత వేడి రాదు. పని నెమ్మదిగా జరుగుతుంది, అంతే.

మంచి సంచీ మీద వచ్చిన పేచీ

పర్యావరణం పేరుతో కొత్త వస్తువులు కొనడం ఈ మధ్య ఒక ముచ్చటగా మారింది. వెదురు బ్రష్షు, స్టీలు స్ట్రా, రకరకాల గుడ్డ సంచులు. గుడ్డ సంచీనే తీసుకుందాం. ఇంగ్లండ్ పర్యావరణ సంస్థ 2011లో వేసిన లెక్కలో, భూమిని వేడెక్కించే విషయంలో ఒక్కసారి వాడి పారేసే పలచటి ప్లాస్టిక్ సంచీతో సమానం కావాలంటే నూలు సంచీని 131 సార్లు వాడాలని తేలింది. డెన్మార్క్ 2018లో వేసిన లెక్కలో వాతావరణం వరకే చూస్తే అది 52 సార్లు. అన్ని రకాల ప్రభావాలూ కలిపితే 7,100 సార్లు! పత్తి పండించడానికి పోయే నీరు, ఎరువు, కరెంటు ఇందుకు కారణం. ఆ డెన్మార్క్ లెక్కలో రోడ్డు మీద ఎగిరే, కాలవలకు అడ్డంపడే, పశువుల కడుపులోకి పోయే ప్లాస్టిక్ నష్టం చేర్చలేదు. అందుకని ప్లాస్టిక్ సంచే మేలని దాన్నిబట్టి తీర్పు చెప్పేయకూడదు. కానీ ఒకటి మాత్రం తేలిపోయింది. గుడ్డ సంచీలో మంచి ఏదైనా ఉంటే అది గుడ్డలో లేదు, మళ్లీ మళ్లీ వాడటంలో ఉంది. బీరువాలో ఇరవై గుడ్డ సంచులు పోగేసుకున్న ఇల్లు, పాత ప్లాస్టిక్ సంచీనే చిరిగేదాకా మడతపెట్టి వాడుకునే ఇంటి కంటే వెనకే ఉంది. ఇంట్లో ఉన్న ప్లాస్టిక్ డబ్బాలన్నీ పారేసి గాజు సీసాలు కొనుక్కునేవాళ్లకూ ఇదే మాట. డబ్బా పగలనివ్వండి, అప్పుడు చూసుకోవచ్చు.

రీసైక్లింగ్ మీద పెట్టుకున్న నమ్మకమూ కాస్త తగ్గించుకోవాలి. ప్లాస్టిక్ మీద బాణాల త్రిభుజం, లోపల ఒక అంకె కనిపిస్తే ఇది మళ్లీ వాడకంలోకి వస్తుందనుకుంటాం. 1988లో వచ్చిన ఆ అంకె అది ఏ రకం ప్లాస్టికో చెప్పే గుర్తు, అంతే. జనం పొరబడుతున్నారనే 2013లో అమెరికాకు చెందిన ప్రమాణాల సంస్థ బాణాలు తీసి మామూలు త్రిభుజం చేసింది. 2015 దాకా ప్రపంచంలో పోగైన ప్లాస్టిక్ చెత్తలో రీసైకిల్ అయింది 9 శాతమే, 12 శాతం కాల్చేశారు, మిగతాదంతా నేల మీదో నీళ్లలోనో ఉందని 2017లో వెలువడిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. లోహాల కథ ఇందుకు భిన్నం. అల్యూమినియం డబ్బాను కరిగించి మళ్లీ డబ్బా చేస్తే, ఖనిజం నుంచి తీయడంతో పోలిస్తే 95 శాతం శక్తి మిగులుతుంది. కాబట్టి వేరుచేసే ఓపిక కొంచెమే ఉంటే ముందు లోహం, ఆ తర్వాత అట్టలు, గాజు చూసుకోవచ్చు.

పాత వస్తువును వాడాలా, మార్చాలా అన్న సందేహం దగ్గర సూత్రం ఒకటి పనికొస్తుంది. తయారీలోనే ఎక్కువ ఖర్చయిపోయే వస్తువును ఎంతకాలం వీలైతే అంతకాలం వాడాలి. వాడకంలో ఎక్కువ ఖర్చయ్యేదాన్ని మంచిది రాగానే మార్చొచ్చు. ఫోన్ మొదటి రకం. దాని జీవితకాలపు కాలుష్యంలో ఎక్కువ భాగం అది డబ్బాలోంచి బయటికి రాకముందే జరిగిపోయింది. బ్యాటరీ మార్చి ఇంకో రెండేళ్లు నడిపితే, ఏ పొదుపు మోడ్ ఇవ్వలేనంత మేలు. బట్టలూ ఇంతే. ఊడిన గుండీ కుట్టించుకోవడం గోటితో పోయే పని, కొత్త చొక్కా గొడ్డలి. ఫిలమెంట్ బల్బు, ముప్ఫై ఏళ్లనాటి ఫ్రిజ్ రెండో రకం. 2022లో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులు, అందులో పద్ధతిగా సేకరించి రీసైకిల్ చేసినట్టు నమోదైంది 22.3 శాతం. బాగు చేయించుకుందామంటే విడిభాగాలు దొరకవు, మూత తెరిస్తే విరుగుతుంది. ఇది కొనేవాళ్ల తప్పు కాదు. ఫ్రాన్స్‌లో 2021 జనవరిలో ఫోన్లు, లాప్‌టాప్‌లు, వాషింగ్ మెషీన్లలాంటి వాటి మీద ‘బాగు చేయడం ఎంత సులువు’ అని పదికి మార్కులు వేసి చూపించాలనే నిబంధన పెట్టారు. కొనే ముందు ఆ ప్రశ్న దుకాణంలో అడగడానికి చట్టం అక్కర్లేదు.

నీళ్ల విషయంలో కళ్లముందు కారే కుళాయి మీదే అందరి చూపూ ఉంటుంది. చప్పుడు లేకుండా కారేది ఫ్లష్ ట్యాంకు. ట్యాంకులో కాస్త రంగు కలిపి, ఫ్లష్ చేయకుండా పావుగంట ఆగి చూస్తే చాలు. కింద బేసిన్‌లో రంగు కనిపిస్తే లోపలి రబ్బరు పోయినట్టే. దాన్ని మార్చడం అరగంట పని.

ఇంత చేశాక కూడా బిల్లు తగ్గకపోవచ్చు. 1865లోనే స్టాన్లీ జెవాన్స్ అనే ఆర్థికవేత్త దీన్ని బొగ్గు విషయంలో గమనించాడు. ఆవిరి యంత్రాలు తక్కువ బొగ్గుతో నడవడం మొదలయ్యాక బొగ్గు వాడకం తగ్గలేదు, ఇంకా పెరిగింది. పని చవకైతే మనిషి ఆ పని ఎక్కువ చేస్తాడు. తక్కువ కరెంటు తీసుకునే ఏసీ కొన్నాక ఇంకో గంట ఎక్కువ వేసుకోవడం, ఎల్‌ఈడీలు కదా అని మిద్దె చుట్టూ వెలిగించడం మనకు తెలియనివి కావు. అందుకే కొన్న వస్తువు మీద ఉన్న నక్షత్రాల గుర్తుల కంటే మీటరు చెప్పే మాట నమ్మదగింది.

ఆ మీటరును అడగడానికి ఒక రాత్రి చాలు. పడుకునే ముందు ఏసీ, గీజర్‌లాంటివి ఆపేసి రీడింగ్ రాసుకోవాలి, 8 గంటల తర్వాత లేవగానే మళ్లీ చూడాలి. ఎవరూ ఏమీ వాడని ఆ వేళల్లో 0.8 యూనిట్ కదిలిందనుకుంటే, ఇల్లు నిద్రలో కూడా 100 వాట్లు తాగుతోందన్నమాట. ఏడాదికి అది 876 యూనిట్లు. ఫ్రిజ్ వంతు తీసేస్తే మిగతాది ఎక్కడికి పోతోందో ఒక్కో ప్లగ్గే తీసి చూసుకుంటూ వెళ్లొచ్చు. చాలా ఇళ్లలో ఈ వెతుకులాట, టీవీ ఆపేసినా తాను మాత్రం వెచ్చగా ఉండే సెట్‌టాప్ బాక్సు దగ్గర ఆగుతుంది.